తెగని కూత

అనగనగా, జంతువులు కొట్లాటలు మాని చెడుగుడు ఆడుకునే కాలాన, ఒక ఎండిపోయిన అడవి ఉండేది. వేసవి వచ్చిందంటే ఆ అడవికంతా మిగిలేది ఒకే ఒక్క చెలమ. ముందు వెళ్ళినవాళ్ళకు నీళ్ళు, వెనక వెళ్ళినవాళ్ళకు బురద. అందుకని అడవిపందులూ దుప్పులూ ఒక ఒప్పందానికొచ్చాయి. నెలకోసారి చెడుగుడు ఆడాలి. గెలిచిన జట్టు ఆ నెలంతా ముందు తాగాలి.

చెడుగుడుకు కూతే ప్రాణం గదా, పిల్లలూ! అవతలి జట్టులోకి వెళ్ళినవాడు మళ్ళీ గీత దాటి వచ్చేదాకా ఒక్క ఊపిరి మీద కూత పెట్టాలి. మధ్యలో తెగితే ఔటు. అది కనిపెట్టాలంటే చెవులుండాలి. చెవులంటే చెవులయ్యవే. ఆయనొక ముసలి కుందేలు. జీతం లేదు, బత్తెం లేదు. "పెద్దవాడివి, నువ్వెంత చెబితే అంత" అన్నారందరూ. ఆ ఒక్క మాటకే పొంగిపోయి తీర్పరిగా నిలబడ్డాడు, పిచ్చి మహానుభావుడు.

మొదటి నెల. పందుల నాయకుడు గుర్రుమల్లు కూతకు వెళ్ళాడు. రెండు దుప్పులను తాకి వెనక్కి తిరిగాడు. గీత ఇంకా రెండడుగులుందనగా గుటక మింగాడు.

"కూత తెగింది, గుర్రుమల్లు ఔటు" అన్నాడు చెవులయ్య.

"ఎవడ్రా తెగిందన్నది? నీ చెవుల్లో చీము పట్టిందా?" అంటూ గుర్రుమల్లు మీదికొచ్చాడు. పందులన్నీ వంత పాడాయి. ముసలాయన అమ్మనూ అబ్బనూ కలిపి తిట్టాయి. మరి దుప్పులేం చేశాయనుకున్నారు? గెలిచాం గదా అని చెలమ దగ్గరికి పరుగెత్తాయి.

రెండో నెల. ఆటలో గుర్రుమల్లు కాలు పక్క హద్దు దాటింది. చెవులయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈసారి తిట్లతో పోలేదు. ఆయన ఇంటికి చేరేసరికి బొరియ కోరలతో పెళ్ళగించి పారేసి ఉంది. ముసలి భార్య చెదిరిన గడ్డి ఏరుకుంటూ ఎండలో కూర్చుంది.

ఆ దారినే దుప్పి చుక్కమ్మ వెళుతోంది. "చూశావా తల్లీ ఏం చేశారో" అన్నాడు చెవులయ్య.

"అయ్యో పాపం! ఏం చేస్తాం బాబాయ్, వాళ్ళతో పెట్టుకోలేం గదా" అంటూ చుక్కమ్మ నీళ్ళకు వెళ్ళిపోయింది.

గుర్రుమల్లు తిట్లకన్నా ఆ 'పాపం' ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

మూడో నెల. చుక్కమ్మే కూతకు దిగింది. ఇంటి దగ్గర పాలు తాగే పసికూన ఉంది. తల్లికి నీళ్ళుంటేనే బిడ్డకు పాలు. ప్రాణం ఒడ్డి ఆడింది. మూడు పందులను తాకి, వాటి కాళ్ళ మధ్య నుంచి దూరి, గీత దాటింది. కూత ఎక్కడా తెగలేదు. అంత నిండైన కూత చెవులయ్య తన బతుకులో వినలేదు.

"తెగింది! తెగింది!" అని పందులు గోల పెట్టాయి. గుర్రుమల్లు మాత్రం చెవులయ్యకేసి చూస్తూ కోరను నేలకు రాశాడు.

"తెగింది" అన్నాడు చెవులయ్య.

అన్నాక ఆయన తలెత్తలేకపోయాడు.

ఆ నెలంతా పందులు చెలమలో పడి పొర్లాయి. దుప్పులకు బురదే మిగిలింది. వారం తిరిగేసరికి చుక్కమ్మకు పాలు ఇంకిపోయాయి. మరో వారానికి పసికూన పోయింది.

చుక్కమ్మ చెవులయ్య దగ్గరికి వచ్చింది.

"ఒక్క మాట చెప్పు బాబాయ్. నా కూత తెగిందా?"

"లేదు తల్లీ."

"మరి తెగిందని ఎందుకన్నావు?"

"నిజం చెప్పాను, రెండుసార్లు. రెండుసార్లూ ఒంటరివాణ్ణే అయ్యాను. మూడోసారి భయమేసింది."

చుక్కమ్మ అరుస్తుందనుకున్నాడు. తన్నినా పడదామనుకున్నాడు. ఆమె అరవలేదు.

"మావాళ్ళు బండలకేసి కొమ్ములు నూరుతున్నారు. వచ్చే నెల ఆట లేదు, బాబాయ్. నువ్వు రానక్కర్లేదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

నిజం చెప్పినవాడు దెబ్బలు తింటుంటే పక్కకు తప్పుకున్నవాళ్ళకు, తమ వంతు వచ్చేసరికి నిజం చెప్పేవాడు మిగలడు.