కాకిబంగారం తవ్విన ముళ్లపంది

అనగనగా ఒక అడవిలో, నడివేసవిలోనూ ఊట ఎండని చల్లకొండ ఉండేదర్రా. ఆ కొండవాలులో గౌరమ్మ అనే ముళ్లపంది ముగ్గురు పిల్లలతో కాపురముండేది. గడ్డలు తవ్వడంలో ఆమె తర్వాతే ఎవరైనా. అయితే గడ్డ తిన్నాక, తీగ ఉన్న తలను మళ్లీ మొలిచేలా గుంటలో పెట్టి మట్టి కప్పాలి. అది ఆ కొండ కట్టుబాటు. "తిన్నది మనది, తల కొండది" అనేది గౌరమ్మ వాళ్లమ్మ.

ఒకరోజు ఆమె తవ్వుతుంటే తళతళలాడే రేకులు బయటపడ్డాయి. కాకిబంగారం! మెరుపే తప్ప తినడానికి పనికిరాదు. అది చూసి నల్లమ్మ కాకి చటుక్కున వాలింది.

"వదినా, ఆ రేకులు నా గూటికి తవ్విపెట్టవూ? నీ పిల్లలకు రోజూ ఇప్పపూలు తెచ్చిపోస్తా."

ఇప్పపూలంటే ఆ పిల్లలకు ప్రాణం. ఏ తల్లి కాదంటుంది చెప్పండి?

"మరి గుంటలు పూడ్చొద్దా?" అంది గౌరమ్మ.

"పూడుస్తూ కూర్చుంటే తవ్వేదెప్పుడు? వానకు అవే పూడతాయిలే!"

గౌరమ్మ తవ్వుతూ పోయింది. అడ్డొచ్చిన వేళ్లన్నీ కొరికేసింది.

మొదట తేనెటీగలు వచ్చాయి. "అక్కా, చెట్లు ఒరిగిపోయాయి. పూలు లేనిచోట మాకేం పని?" అని ఎగిరిపోయాయి. తర్వాత కుందేలు వచ్చింది. "పిన్నీ, నీ మట్టి జారి నా పచ్చికంతా కప్పేసింది" అని ఏడ్చింది. "ఈ ఒక్క గుంట కానీ నాయనా" అంది గౌరమ్మ. చివరికి ఊటలో ఉండే కప్ప తాత రొప్పుకుంటూ ఎక్కొచ్చాడు.

"తల్లీ, కొండ వాన తాగితేనే కదా మనకు నీళ్లిచ్చేది! వేళ్లు తెగాక ఎట్లా తాగుతుంది?"

"నీదంతా చాదస్తం తాతా!"

వాన రానే వచ్చింది. గుంటలు పూడలేదు సరికదా, పైమట్టంతా కొట్టుకొచ్చి ఊటను మూసేసింది. ఎండలు ముదిరేసరికి కొండ మీద చుక్క నీళ్లు లేవు.

ఒక మధ్యాహ్నం చిన్నపిల్ల కనబడలేదు. వెతికితే, గుంట అడుగున కూర్చుని కాకిబంగారం రేకును నాకుతోంది.

"అమ్మా, నీళ్లు మెరుస్తున్నాయిగానీ నోట్లోకి రావట్లేదే!"

గౌరమ్మ గుండె చెరువైంది. "నల్లమ్మా, ఇప్పుడేం చేద్దామే?" అని కేకేసింది.

"నాకు రెక్కలున్నాయి వదినా. ఇంకో కొండ చూసుకుంటా!" అంటూ కాకి తుర్రుమంది.

ఆ రోజు నుంచి గౌరమ్మ పిల్లలను దూరపు వాగు దాకా నడిపించి నీళ్లు తాగించేది. తిరిగొచ్చి గుంటలు పూడ్చేది, గడ్డల తలలు పాతేది. కుందేలూ కప్ప తాతా కోపం మరిచి సాయం పట్టారు. ఎన్నో వానలు కురిశాక ఊట బొట్టుబొట్టుగా తిరిగొచ్చింది. కానీ ఆ మొదటి బొట్టు తాగింది గౌరమ్మ చిన్నపిల్ల కాదర్రా. ఆ చిన్నపిల్ల కన్న పిల్ల.

నీతి: తవ్విన చోటు పూడ్చకుండా పోయినవాడు తన పిల్లల నోటి దగ్గరి నీళ్లు లాక్కున్నట్టే.