సగం బిరుదుల పరాకు

ఒకానొక రాజ్యంలో రాజుగారికంటే ముందు ఆయన బిరుదులు సభలోకి వచ్చేవి.

"రాజాధిరాజా! గజతురగాధీశ్వరా! దరిద్రజనపోషకా! మూర్ఖజనశిక్షకా! చోరకులాంతకా! చండభాను మహారాజా, బహుపరాక్!"

బెత్తం పట్టుకుని, గొంతెత్తి ఇలా చదవడమే పేరయ్య కొలువు. అదంతా అయ్యేదాకా చండభాను మహారాజు గుమ్మం అవతల నిలబడి, బిరుదు బిరుదుకీ మీసం దువ్వుకుంటూ వినేవాడు. అన్నిట్లోకీ 'చోరకులాంతకా' అన్నది ఆయనకి ప్రాణం. చిన్నతనంలో తోటలో మామిడికాయల దొంగనొకణ్ణి పట్టుకున్నాడట. దొంగల వంశాన్నే తుదముట్టించినట్టు అప్పణ్ణించీ ఆ బిరుదు తగిలించుకున్నాడు.

ఆ రాజుకి ఓసారి వెండి ఉయ్యాల మీద మనసు పోయింది. గొలుసులు వెండివి కావాలన్నాడు, బల్ల వెండిది కావాలన్నాడు, చివరికి మేకులు కూడా వెండివే కావాలన్నాడు. ఖజానాలో అంత వెండి లేదు. కోశాధికారి గుణాకరుడు చెవిలో ఒక ఉపాయం ఊదాడు. ఇకమీదట పోసే ప్రతి రూకలోనూ సగం వెండి తీసేసి, ఆ మేరకి రాగి కలిపితే సరి.

"జనం పుచ్చుకుంటారా?" అన్నాడు రాజు.

"రూకకి విలువ వెండి వల్లనా ప్రభూ? దాని మీద తమ బొమ్మ ఉంది, తమ పేరుంది. విలువంతా అందులోనే ఉంది!"

అసలే కోతి, ఆపైన కల్లు తాగింది. రాజు ఆ మాటకి పొంగిపోయి చాటింపు వేయించాడు. కొత్త రూక చెల్లదన్నవాళ్ళని కట్టుబట్టలతో పొలిమేర దాటిస్తారట.

ఆ చాటింపుకి మొదట చిక్కింది రావులమ్మ. కోట వీధిలో నెయ్యి అమ్ముకునే మనిషి. భటుడొకడు నెయ్యి కొని కొత్త రూక ఇస్తే, అలవాటు చొప్పున దాన్ని గుమ్మంలో రాతి మీద పడేసింది. పాత రూకైతే ఖంగుమనేది. ఇది డబ్బుమంది.

"దీనికి గొంతు లేదు నాయనా, పట్టుకుపో" అంది.

భటుడు రూకతో పాటు ఆవిణ్ణి కూడా పట్టుకుపోయాడు.

ఈ కబురు విని పేరయ్య ప్రాణం ఉసూరుమంది. తల్లి లేని పిల్లవాడని చిన్నప్పుడు వాడికి వేడన్నంలో నెయ్యి వేసి పెట్టింది ఆవిడే. తన గొంతుకి ఆ నిగారింపు రావులమ్మ నేతి వల్లే వచ్చిందని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. పరుగున చెరసాలకి వెళ్ళాడు.

"ఒరే పేరిగా, ఏడుపు మొహం పెట్టకు. పొలిమేర అవతల గేదెలుండవా ఏం?" అందావిడ. అంతలోనే, "మీ మావయ్యని కలిపిన మట్టి ఇక్కడే ఉందిరా. అదొక్కటే దిగులు" అంది.

"నేనున్నానత్తా" అన్నాడు పేరయ్య. ఏం చెయ్యాలో మాత్రం వాడికి తోచలేదు.

తిన్నగా రాజు దగ్గరికి పోయి కాళ్ళ మీద పడ్డాడు. రాజు అప్పుడే బిగించిన ఉయ్యాలలో కూర్చుని, ఊగాలో వద్దో అని అటూ ఇటూ చూస్తున్నాడు.

"ప్రభూ, ఆవిడ తమని తప్పుబట్టలేదు. రూకలో వెండి సగమే ఉందంది, అంతే."

"సగముంటేనేం? నా పేరున్న చోట సగమూ నిండూ ఒకటే! కాదంటావా? రేపు నిండుసభ, సామంతులంతా వస్తారు. సగం సరుకు చెల్లదని నా నోటితోనే అనిపించు, ఆవిణ్ణి వదిలేస్తాను. అనిపించలేకపోయావో, నువ్వు కూడా ఆ నేతికుండ నెత్తిన పెట్టుకుని పొలిమేర దాటు."

పేరయ్య కళ్ళు ఒక్కసారి మెరిశాయి. "చిత్తం. రేపటి సభలో తమ మాటే నా మాట ప్రభూ" అని దణ్ణం పెట్టి వచ్చేశాడు.

మర్నాడు సభ కిటకిటలాడిపోయింది. గుణాకరుడు కొత్త శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చున్నాడు. రావులమ్మని తెచ్చి ఓ మూల నిలబెట్టారు. రాజు గుమ్మం అవతల మీసం మీద చెయ్యి వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. పేరయ్య బెత్తం ఎత్తాడు.

"రాజా!"

ఎవరికీ ఏ తేడా తెలియలేదు. కొత్త రూకలు వచ్చిన మొదటి రోజు కూడా అంతే.

"గజా!"

ఒక సామంతుడు గుమ్మం వైపు చూసి, రాజుగారి బొజ్జ కనపడగానే గబుక్కున తల దించుకున్నాడు.

"దరిద్రా!"

మీసం మీద చెయ్యి ఆగిపోయింది.

"మూర్ఖా! చోరా! చండభాను మహారాజా, బహుపరాక్!"

పేరు మాత్రం ఒక్క అక్షరం పోకుండా, సభామండపం మారుమోగేలా చదివాడు. రాజు గుమ్మం దాటి ఒక్క దూకు దూకాడు.

"ఒరే! ఏం కూశావురా?"

"తమ బిరుదులే ప్రభూ" అన్నాడు పేరయ్య చేతులు కట్టుకుని. "ఒక్కొక్కదాంట్లో సగం తగ్గించాను. ఆఖర్న తమ పేరు నిండుగా వేశాను. తమ పేరున్న చోట సగమూ నిండూ ఒకటే అని నిన్న తమరే సెలవిచ్చారు."

"సగం కోసేస్తే అది బిరుదెలా అవుతుందిరా, తిట్టవుతుంది గాని! సగం బిరుదు చెల్లదు! పైగా నా పేరు పెట్టబట్టే కదా, ఆ తిట్టంతా తిన్నగా వచ్చి నాకు తగిలింది!"

"రూక మీద కూడా తమ పేరే ఉంది ప్రభూ" అన్నాడు పేరయ్య. "అది రాతి మీద డబ్బుమన్నప్పుడల్లా జనం రాగిని తిట్టడం లేదు."

గుణాకరుడు శాలువా సర్దుకుంటూ లేచాడు.

"ప్రభూ, ఇది కుతర్కం. బిరుదు వేరు, రూక వేరు. ముద్ర పడ్డాక కొత్త రూకకి లోటేమీ లేదు."

"అయితే కోశాధికారిగారూ, పన్ను కట్టేవాళ్ళు కొత్త రూకలు తెస్తే తిప్పి పంపుతున్నారెందుకు? పాతవే తెమ్మంటున్నారట?"

"మరి కొత్తవాటిలో వెండి ఎక్కడుందయ్యా..." అని గుణాకరుడు నాలిక కరుచుకున్నాడు.

రాజు గుణాకరుడి వంక చూశాడు. పేరయ్య వంక చూశాడు. మూల నిలబడ్డ రావులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకోవడం కూడా చూశాడు. దాంతో ఆయనకీ నవ్వు ఆగలేదు. బొజ్జ ఊగిపోతుంటే సింహాసనం మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇచ్చిన మేమే తిరిగి పుచ్చుకోనిది ఊళ్ళోవాళ్ళెందుకు పుచ్చుకుంటారయ్యా గుణాకరా! పో, ఆ ఉయ్యాల కరిగించి నిండు రూకలు పోయించు. కొత్తవన్నీ వెనక్కి పుచ్చుకుని, మనిషి మనిషికీ నీ చేత్తోనే మార్చి ఇవ్వు. అవ్వా, నువ్వు ఇంటికి వెళ్ళు. రేపణ్ణించి అంతఃపురానికి నీ నెయ్యే."

పేరయ్యకి ఒక సంచీ నిండా రూకలు ఇప్పించాడు. పేరయ్య కళ్ళకద్దుకుని, ఒక రూక తీసి నేల మీద పడేశాడు. ఖంగుమంది.

"ఇంకా నమ్మకం కుదరలేదూ? ఇప్పుడైనా పరాకు సరిగ్గా చెప్పు!" అన్నాడు రాజు.

"నిండు రూకకి నిండు బిరుదు ప్రభూ" అని పేరయ్య బెత్తం ఎత్తి, రాజాధిరాజా నుంచి వరసగా అందుకున్నాడు. చివరికి వచ్చేసరికి "చోర..." అని ఆగి, తాపీగా ఊపిరి పీల్చుకున్నాడు. రాజు సింహాసనం మీంచి సగం లేచాడు.

"...కులాంతకా!"

సభంతా గొల్లుమంది, రాజుతో సహా.

ఆ తరవాత ఆ రాజ్యంలో రూక వెండి వీసమెత్తు తగ్గలేదంటారు. తగ్గించాలని రాజుగారికి ఎప్పుడూ బుద్ధి పుట్టలేదా అంటే, పుట్టే ఉంటుంది. కాని రోజూ పొద్దున్నే పేరయ్య సరిగ్గా 'చోర' దగ్గరే ఊపిరి పీల్చుకునేవాడు.