తాటాకు కప్పిన ఉప్పురాశి

నాగూర్ వలి కూతురికి కోరింత దగ్గు వచ్చింది. జబ్బు వచ్చిందన్న బాధ కన్నా, సూదులన్నీ వేయించినా వచ్చిందన్న మంట అతనికి ఎక్కువగా ఉంది.

ఉప్పు మడుల మీద బతికే ఆ ఊళ్లో, పిల్లలకు సూదులు వేయించే విషయంలో వలిని మించినవాడు లేడు. నర్సమ్మ వచ్చే శనివారం వస్తే చాలు, పార గట్టు మీద పడేసి, కరీమాను భుజానికెత్తుకుని అందరికన్నా ముందు నిలబడేవాడు. సూది వేసిన రోజు పిల్లకు ఒళ్లు కాలుతుంటే అత్త సైదమ్మ సణిగేది.

"ఆడుకుంటన్న పిల్లను తీసుకెళ్లి జొరం తెప్పించుకొస్తావేంది అల్లుడూ!"

"నీకు తెలవదులే అత్తా" అని కొట్టిపారేసేవాడు. బడిలో చేరే వయసులో వేసే సూదితో సహా ఒక్కటీ తప్పలేదు. అందుకు అతనికి కాస్త గర్వంగా కూడా ఉండేది. ఉండటంలో తప్పేమీ లేదు.

ఇప్పుడా పిల్లే దగ్గుతోంది. అది మొదలైతే ఒక పట్టాన ఆగే దగ్గు కాదు. దగ్గి దగ్గి మొహం కందిపోయి, కళ్లలో నీళ్లు కారి, చివర్న ఊపిరి లోపలికి లాక్కునేటప్పుడు గొంతులోంచి సన్నటి కూత వచ్చేది. ఒక్కోసారి తిన్నదంతా బయటికొచ్చేది. ఆ కూత వినలేక వలి ఇంట్లోంచి లేచి మడుల మీదికి పోయేవాడు. అక్కడా అదే వినిపించేది.

పట్నంలో డాక్టరమ్మ పరీక్ష చేయించి చెప్పింది. "కోరింత దగ్గు. సూదులు పడ్డాయి కాబట్టి ఈ మాత్రంతో సరిపోయింది. కొన్ని వారాలు దగ్గుతుంది, తర్వాత కోలుకుంటుంది. నా భయమంతా ఇంట్లో ఉన్న చంటివాడి గురించే. ఈ అమ్మాయిని వాడి దగ్గరికి రానీయకండి. వాడి నెలన్నర సూది ఆలస్యం చేయకండి. వాడికి అంటకుండా ఈ మందులు ఇంట్లో అందరూ వాడాలి."

వలి చెవిన పడింది కోరింత దగ్గు అన్న రెండు మాటలే. మిగతాదంతా అతని భార్య మస్తాన్‌బీ విన్నది. ఇంటికి రాగానే ఉయ్యాల విప్పి, పక్కనే ఉన్న తల్లి ఇంట్లో కట్టుకుంది. అందరికీ మందు తనే ఇచ్చింది. వలి తన మాత్రలు తీసుకెళ్లి చూరులో దోపాడు. నాకేం జబ్బని మింగాలి అన్నాడు.

సైదమ్మ ఊరుకుంటుందా? "అన్ని సూదులూ ఏయించావు గదా అల్లుడూ, మరి ఇదేంది?" అంది. పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ మంటలోనే వలి భార్యతో అన్నాడు. "చిన్నోడికి ఇంక సూది లేదు, ఏం లేదు. బిడ్డను ఏడిపించడం తప్ప ఒరిగిందేంది?"

పాలు తాగుతూ బిడ్డ ఒక్క క్షణం ఆగితే చాలు, మస్తాన్‌బీ గుండె ఆగిపోతోంది. వేలు వాడి ముక్కు దగ్గర పెట్టి చూసుకుంటోంది. సూది మీద ఆమెకూ నమ్మకం సడలింది. కానీ డాక్టరమ్మ మొహంలో చూసిన భయం మర్చిపోలేకపోతోంది.

"సామిని అడుగు. ఆయన వద్దంటే మానేద్దాం" అంది చివరికి.

సామి అంటే దస్తగిరి సామి. మడులకు అవతల, ఇసక దిబ్బ మీది దర్గాలో ఉండే ముసలి ఫకీరు. పెళ్లికి ముందునుంచీ వలి ఆయన శిష్యుడే. దర్గా ఊడ్చేది, నీళ్లు మోసేది, ఎవరూ లేనప్పుడు ఆయన పక్కన కిమ్మనకుండా కూర్చునేది అతనే. సామి దగ్గర ఒక చిక్కుంది. ఆయన్ని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని చెబుతాడు. ఒకసారి వలి మనశ్శాంతి గురించి అడిగితే బావిలో పూడిక తీయించాడు. అందుకని ఊళ్లో తెలివైనవాళ్లు ఆయన్ని ఏమీ అడగరు.

శుక్రవారం పొద్దున చుట్టుపక్కల తల్లులు చంటిపిల్లల్ని దర్గాకు తెస్తారు. దడుచుకున్న పిల్లలకు, పాలు తాగని పిల్లలకు సామి ఏదో చదివి మొహం మీద మెల్లగా ఊదుతాడు. వలి ఆ రోజే కూతుర్ని భుజానేసుకుని బయల్దేరాడు. మస్తాన్‌బీ బిడ్డను పొత్తిళ్లలో పెట్టుకుని, వాళ్లకు బాగా దూరంగా, గాలికి ఎదురు పక్కన నడిచింది.

దిబ్బ ఎక్కుతుండగా కరీమాకు దగ్గు తెర వచ్చింది. కూత దర్గా ముందున్న పందిట్లోకి వినిపించింది.

సామి ఎవరి బిడ్డ మీదో ఊదబోతున్నవాడు ఆగి, లేచి నిలబడ్డాడు.

"వలీ! అక్కడే ఆగు. ఇటు తేబాక."

తర్వాత తల్లులవైపు తిరిగి, "ఇవాళ్టికి ఊదేది లేదు. అందరూ ఆ పక్క మెట్లమీదుగా ఇళ్లకు పోండి. వచ్చే శుక్రవారం కూడా రాబాకండి. మళ్లీ ఎప్పుడో నేనే కబురు చేస్తా" అన్నాడు.

దూరాభారం నడిచొచ్చిన తల్లులు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఒకామె వలి వంక తిరిగి తిరిగి చూసింది. అతనికి తల కొట్టేసినట్టయింది. తన బిడ్డను దర్గా గడప తొక్కనీయకపోవడమా! ఇన్నేళ్లు తను ఊడ్చిన గడప!

అందరూ వెళ్లాక సామి దిగివచ్చాడు. కరీమా తల నిమిరి, దర్గా వెనకవైపు నీడలో కూర్చోబెట్టి, తాగడానికి నీళ్లిచ్చాడు. మస్తాన్‌బీని పందిట్లో కూర్చోమన్నాడు. ఆ తర్వాత వలి వైపు చూశాడు.

వలి దాచుకోకుండా కక్కేశాడు. "అన్ని సూదులూ ఏయించాను సామీ. ఒక్కటి తప్పలేదు. అయినా వచ్చింది. వచ్చేదాన్ని ఆపలేని సూది ఎందుకు? రేపు చిన్నోడికి ఏయించాల. నేను ఏయించను. మీరు ఊదండి, నాకదే చాలు."

సామి ఆకాశం వంక చూశాడు. ముందు రోజు కాని కాలంలో వాన పడింది. మళ్లీ మబ్బు పడుతోంది.

"నీ రాశి తడిసిందా?" అన్నాడు.

వలికి ఒళ్లు మండింది. "నేనడిగేదేంది, మీరడిగేదేంది సామీ?"

"పద, చూసొద్దాం."

పని తగిలిందని వలికి అర్థమైంది. వెనకే నడిచాడు. దిబ్బ దిగితే అతని మడే. గట్టు మీద నిలవ ఉప్పు పెద్ద రాశిగా పోసి, పైన తాటాకు కప్పి ఉంది. ఉప్పు మీద బతికేవాళ్లందరూ చేసే పనే అది. పక్కనే, రెండు రోజుల కింద మడిలోంచి లాగిన కొత్త ఉప్పు చిన్న కుప్పగా ఉంది. దానికి నిన్న పాత పట్టా ఒకటి కప్పి గట్టెక్కించాడు. పొద్దున ఆరనిద్దామని అది తీసేసి ఇంటికి పట్టుకెళ్లాడు.

సామి వంగి పెద్ద రాశి అంచున ఆకు ఎత్తి లోపల చెయ్యి పెట్టాడు. తడి తగిలింది. ఆ మూల ఉప్పు కాస్త కరిగి, గుంటపడింది.

"లోపలికొచ్చిందే వాన!"

"వచ్చింది సామీ. అది పోయినేడాది ఆకు. ఎండకీ గాలికీ పెళుసెక్కింది."

"కప్పినా వచ్చిందా?"

"వచ్చింది."

సామి తన కఫనీ చొక్కా చేతులు పైకి మడిచి, రాశి మీద తాటాకు పట్టుకుని లాగాడు. ఒకటి ఊడొచ్చింది. గట్టు అవతల పడేశాడు. రెండోది పడేశాడు. మూడోదాని మీద చెయ్యి వేసేసరికి వలి పరుగెత్తుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. గురువు చెయ్యి పట్టుకున్నానన్న స్పృహ కూడా అతనికి లేదు.

"ఏం చేస్తన్నారు సామీ! పైన మబ్బు చూడండి!"

"కప్పినా తడిసింది గదరా. ఇంకెందుకీ ఆకు?"

"అంచు తడిసింది సామీ, అంచు! ఆకే లేకపోతే మొత్తం నీళ్లయి పొయ్యేది. అటు చూడండి, ఆ సుబ్బరామయ్య రాశి ఎట్టా పోయిందో! ఆయన నిన్నటికి ఇంకా ఆకు కప్పలేదు."

అవతలి గట్టు మీద రాశి ఉండాల్సిన చోట తెల్లటి మరక, దాని చుట్టూ బురద మిగిలాయి. సామి ఆ వైపు చూసి, మంచి కబురేదో విన్నట్టు తల ఊపాడు.

వలి ఊడిన ఆకులు ఏరుకొచ్చి, తిట్టుకుంటూ మళ్లీ కప్పాడు. ఇంతలో ఒక చినుకు చేతి మీద పడింది. తర్వాత మెడ మీద ఇంకొకటి. గట్టు వార కొత్త తాటాకు మోపు ఒక్కటే ఉంది. వలి దాన్ని తలకెత్తుకుని ఒక్క పరుగున చిన్న కుప్ప దగ్గరికి పోయాడు. తాడు తెంచి గబగబా ఆకు పరచసాగాడు.

సామి మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కరిగింది పెద్ద రాశి గదా. ఆకు దీనికేస్తన్నావేంది?"

"పెద్దది గట్టిపడింది సామీ. పైగా పాతదో కొత్తదో దాని మీద ఆకుంది. ఈ జల్లుకి తట్టుకుంటది. తర్వాత దాని మీద కూడా కొత్తాకు ఏస్తాను." వలి ఆయాసపడుతూ చెప్పాడు. "ఇది మొన్నటి ఉప్పు. దీని మీద ఏమీ లేదు. ముందు దీన్ని..."

చేతిలోని ఆకు చేతిలోనే ఆగిపోయింది.

దిబ్బ మీద కరీమా దగ్గింది. దగ్గి దగ్గి, కూతపెట్టి, ఊపిరి తీసుకుంది. తీసుకుని, "నాన్నా" అని పిలిచింది. పందిట్లోంచి ఏ శబ్దమూ లేదు. చంటివాడు నిద్రపోతున్నట్టున్నాడు.

వలి దిబ్బ వైపు చూశాడు. కళ్లు నిండాయి. తర్వాత వంగి ఆ ఆకు పరిచాడు. దాని పక్కన ఇంకోటి. గాలికి లేవకుండా చుట్టూ బురద ముద్దలు పెట్టాడు. సామి కూడా ఒక ముద్ద తెచ్చి పెట్టాడు.

జల్లు వచ్చినంత తొందరగానే వెళ్లిపోయింది. ఇద్దరూ తడిసి దిబ్బ ఎక్కారు. మస్తాన్‌బీ బిడ్డను గుండెకు హత్తుకుని పందిరి చివరికొచ్చి నిలబడింది.

"సామి ఏమన్నాడయ్యా?"

"ఏమీ అనలేదు." వలి ఆమెకు కాస్త దూరంలోనే ఆగాడు. "నా మాత్రలు చూరులో ఉన్నయ్యి. ఇంటికి పోగానే ఇవ్వు. రేపు నర్సమ్మ ఎన్ని గంటలకొస్తది?"

మస్తాన్‌బీ అతని మొహం చూసింది. బిడ్డ చెవి మీదికి గుడ్డ సర్దింది.

సామి కఫనీ అంచులు పిండుకుంటున్నాడు. వలి ఆయన ముందుకు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయితే మీరు మా వోడి మీద ఊదరా సామీ?"

"ఎందుకూదను? ఇంట్లో దగ్గు తగ్గాక తీసుకురా, ఊదుతా" అన్నాడు సామి. "రేపు మాత్రం సూది పడ్డచోట మంటగా ఉంటది. అక్కడ నువ్వు ఊదు. ముందు మాత్ర మింగి."