ముల్లుకీ ముల్లంగికీ తేడా తెలియని చాట్‌బాట్

తుమ్మలదిబ్బ అడవిలో జంతువులన్నిటికీ ఫోన్లొచ్చాయి. కొండముచ్చు డాక్టరుకి పొద్దస్తమానం మెసేజీలే. అది చూసి నక్క సింగన్న ఒక చాట్‌బాట్ తయారుచేసింది. ఎవరికి జబ్బు చేసినా ముందు బాట్‌కి చెప్పుకోవాలి, అదే డాక్టరుని పిలుస్తుంది.

ఆ వారంలోనే మేక పోలమ్మ పిల్ల గన్నేరాకు తిని నురగలు కక్కింది. బాట్ తీరిగ్గా దండం పెట్టి, ఊరూ పేరూ అడిగి, కొమ్ముల కొలత చెప్పమంది. పిల్లకి కొమ్ములే లేవంటే, "మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టండి" అంది. పోలమ్మ ఫోను విసిరికొట్టి, పిల్లని ఎద్దు గంగన్న వీపుమీద ఎక్కించి డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయుష్షు గట్టిది, పిల్ల బతికింది.

మర్నాడు గంగన్న నక్కని నిలదీసింది. "ప్రాణం పోతుంటే కొమ్ముల కొలతెందుకు బావా? పైగా ఆవగింజలంత బటన్లు! నా గిట్ట పెడితే అన్నీ ఒక్కసారే నొక్కుకుంటున్నాయి."

"ఆడలేక మద్దెల ఓడందిట! వాడే తెలివి మీకు లేదు బావా."

"నువ్వెప్పుడైనా వాడి చూశావా?"

"వండినవాడు రుచి చూడాలా ఏంటి?" అంటూ నక్క తోక ఊపుకుంటూ ఏటి ఒడ్డుకి పోయింది. అక్కడ చేప దొరికితే ఆబగా మింగింది. ముల్లు గొంతులో అడ్డంపడింది.

అరుద్దామంటే మాట పెగల్లేదు. ఫోను తీసి బాట్‌కి "ముల్లు" అని కొట్టింది.

"నమస్కారం! ముల్లంగి ఒంటికి మంచిది. ఇంకేమైనా కావాలా?" అంది బాట్.

"డాక్టర్!" అని మళ్ళీ కొట్టింది నక్క.

"సంతోషం! మీ కొమ్ముల కొలత చెప్పండి."

నక్క కళ్ళు తేలేసింది. నీళ్ళకొచ్చిన గంగన్న అది చూసి కొండ దద్దరిల్లేలా రంకె వేసింది. డాక్టరు పరుగున కొండ దిగొచ్చి ముల్లు పీకింది.

ఊపిరి అందాక నక్క తల వంచుకుంది. "కొమ్ములు నాకూ లేవు కదా బావా! ఆ సంగతే తోచలేదు."

"ఈసారి మమ్మల్ని అడిగి చెయ్యి" అంది గంగన్న.

నక్క ఫోను పట్టుకుని గడపగడపకీ తిరిగింది. ఎవరికెక్కడ చిక్కుపడుతోందో పక్కన కూర్చుని చూసింది. ఇప్పుడు బాట్ తెరవగానే గిట్టకి సరిపడేంత ఎర్ర బటన్, 'డాక్టరుని పిలువు' అని. దాని కింద ఒక్కటే ప్రశ్న: 'ఏమైంది?' జవాబు అర్థం కాకపోతే బాట్ ఊహించి చెప్పదు, నేరుగా డాక్టరుకే కలుపుతుంది. అడవంతా మెచ్చుకుంటుంటే నక్క మొదటిసారి నోరు మూసుకుని విన్నది.

నీతి: చేసినవాడి తెలివి వాడేవాడి సుఖంలో కనబడాలి.