కొంగ మడిచిన కాలు

ఒకప్పుడు కొంగలు ఒంటికాలి మీద నిలబడేవి కావు. పొద్దస్తమానం రెండు కాళ్ళతో నడుస్తూనే ఉండేవి. అప్పట్లో వాటి కాళ్ళకు మాటలు కూడా వచ్చేవి. అదే వచ్చిన చిక్కు.

ఆ రోజుల్లో ఒక తల్లికొంగ వాగు పక్కన తుమ్మచెట్టు మీద గూడు కట్టుకుంది. గూట్లో మూడు పిల్లలు. అది ఎండాకాలం. వాగు పారడం మానేసి మడుగులు మడుగులుగా మిగిలింది.

తల్లికొంగ చేపల కోసం ఒక మడుగులో దిగింది. దిగీ దిగగానే ఎడమకాలు అందుకుంది.

"నిన్నటి మడుగులో ఎంత లావు చేప! నోటిదాకా వచ్చి జారిపోయింది. వెనక్కి పోదాం పద."

కుడికాలు ఒప్పుకోలేదు. "నిన్నటి మడుగు ఎండిపోయింది. రేపు ఇదీ ఎండిపోతుంది. అప్పుడేం తింటాం? ముందుకు పోయి పెద్ద మడుగు వెతుకుదాం పద."

ఒకటి వెనక్కి లాగింది. ఒకటి ముందుకు లాగింది. కొంగ ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసింది. నీళ్ళు తపతపలాడాయి. ఆ చప్పుడుకు చేపలన్నీ రాళ్ళ కిందికి దూరాయి.

ఒడ్డున బొరియలోంచి ఎండ్రకాయ తొంగిచూసింది.

"ఏం కొంగమ్మా, మడుగు చిలుకుతున్నావా? వెన్న తేలితే నాకూ ఓ ముద్ద పెట్టు!"

కొంగకు సిగ్గేసింది. కానీ కాళ్ళు ఆగలేదు.

సాయంత్రం వట్టి ముక్కుతో గూటికి పోయింది. పెద్దపిల్లలిద్దరూ ఆకలని అరిచారు. చిన్నది అరవలేదు. మెడ వాల్చేసి పడుకుంది.

"దీనికేమైందర్రా?"

"పొద్దుటినుంచీ నోరు తెరవలేదమ్మా" అంది పెద్దపిల్ల.

తెల్లవారగానే కొంగ మళ్ళీ మడుగులో దిగింది.

"నిన్న..." అంది ఎడమకాలు.

"రేపు..." అంది కుడికాలు.

"నోరు మూయండి!" అంది కొంగ. "నిన్నటి చేప నా పిల్ల కడుపులో లేదు. రేపటి చేప సంగతి చూడాలంటే రేపటిదాకా నా పిల్ల బతకాలి!"

అంటూనే ఎడమకాలు ఎత్తి, పొట్ట కింది ఈకల్లోకి మడిచేసింది.

"మంచిపని చేశావు!" అని మురిసిపోయింది కుడికాలు. "ఇక ముందుకు పోదాం!" అని అడుగు ఎత్తబోయింది. కొంగ తూలింది.

"అయ్యో! నేనొక్కదాన్నే నడవలేనే!"

"నడవకు. నిలబడు."

వేరే దారి లేక కుడికాలు నిలబడింది. కాసేపు గొణిగింది. తర్వాత గొణగడం కూడా మానేసింది. నీళ్ళు తేరుకున్నాయి. అడుగున ఇసుక కనబడింది. ఇన్నాళ్ళూ నీళ్ళలో తిరిగినా అవి ఇంత చల్లగా ఉంటాయని ఆ కాలికి తెలియదు. అప్పుడే తెలిసింది.

కొంగ ఊపిరి నెమ్మదించింది. ఎండ్రకాయ ఏదో అంటోంది. కొంగ అటు తిరగలేదు.

"అమ్మా," అంది కుడికాలు మెల్లగా, "నా వేలికి ఏదో తగులుతోంది."

కొంగ మెడ వంచి చూసింది. రాళ్ళ కిందినుంచి బయటికొచ్చిన చిన్న చేప. ఒక్క పోటు. చేప ముక్కులో ఉంది.

కొంగ నేరుగా గూటికి ఎగిరింది. చేపను చిన్నపిల్ల ముక్కు దగ్గర పెట్టింది. పిల్ల కదల్లేదు. కొంగ తొందరపడలేదు. అలాగే పట్టుకుని ఉంది. కాసేపటికి ఆ చిన్న నోరు తెరుచుకుంది.

మిగిలిన ఇద్దరి కోసం కొంగ మళ్ళీ అదే మడుగుకు వచ్చి, అలాగే నిలబడింది.

అప్పటినుంచే కొంగ నీళ్ళలో ఒక కాలు మడుచుకుని, ఒంటికాలి మీద కదలకుండా నిలబడుతుంది. ఈ కాలు అలిసిపోతే ఆ కాలు దించుతుంది. అంతేగానీ వేట దగ్గర ఆ రెండింటినీ కలిసి మాట్లాడుకోనివ్వదు.