ఏనుగ్గడ్డి వేసిన అన్నదమ్ములు

రాళ్ళకొత్తూరులో మద్దిలేటి, ఓబులేసు, తిరుపాలు అని ముగ్గురు అన్నదమ్ములుండేవాళ్ళు. తమంత తెలివైనోళ్ళు నాలుగూళ్ళలో లేరని వాళ్ళ నమ్మకం. వాకిలి తలుపు మీద సున్నంతో 'తెలివైనవాళ్ళ ఇల్లు' అని రాసుకున్నారు. ఆ రాత ఉండబట్టే సంతకెళ్ళినప్పుడల్లా దారి తప్పకుండా ఇంటికి తిరిగొస్తున్నామని చెప్పుకునేవాళ్ళు.

"ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. ఒకటి కలపం, ఒకటి తీసెయ్యం. తెలివంటే అదీ" అనేవాడు పెద్దోడు మద్దిలేటి.

"మా ఇంట్లో తెలివి ఎక్కువై, కొంచెం దాచిపెట్టి వాడుకుంటున్నాం" అనేది ఆయన భార్య నాగలచ్చిమి.

వాళ్ళకొక బర్రె ఉంది. కాటుక కన్నా నలుపు, పేరు మాత్రం ముత్యాలు. ఇంటిల్లిపాదికీ అదంటే ప్రాణం. ఆ యేడు వానలు సరిగా పడలేదు. ఎండు చొప్ప తిని తిని ముత్యాలు చిక్కిపోయింది. పక్కటెముకలు బయటపడ్డాయి. పాలు చెంబు నుంచి గ్లాసుకు దిగాయి. దూడ ఖాళీ పొదుగును కుమ్మి కుమ్మి అరుస్తుంటే, చిన్నోడు తిరుపాలు దాని పక్కన కూర్చుని తనూ ఏడ్చేవాడు.

పశువుల డాక్టరమ్మ మెహరున్నీసా వచ్చి చూసింది. "దీనికి జబ్బేం లేదన్నా, పచ్చిమేత లేదు, అంతే. ఎండలు ముదిరేలోగా పచ్చిమేత పడకపోతే మాత్రం ఈ బర్రె మీకు దక్కదు. మీ బావిలో నీళ్ళున్నాయి గదా, ఏనుగ్గడ్డి వేసుకోండి" అనింది.

"మాకు ఏనుగు లేదే డాక్టరమ్మా!" అని కంగారుపడ్డాడు నడిపోడు ఓబులేసు.

"ఏనుగంత ఎత్తు పెరుగుతుందని ఆ పేరు. తినేది బర్రెలే."

మర్నాడు పొద్దున్నే స్కూటరు మీద గడ్డికాడల మోపు తెచ్చిచ్చింది. చూడ్డానికి సన్న చెరుకుల్లాగా ఉన్నాయి. "రెండు కళ్ళుండేటట్టు చూసుకుని వరసగా నాటుకోండి. ఒక కన్ను మట్టిలోకి పోవాల, ఒక కన్ను బయటుండాల. మరిచిపోవద్దు" అని చెప్పి, ఇంకో ఊళ్ళో ఆవు ఈనుతోందని ఫోనొస్తే అటే వెళ్ళిపోయింది.

మద్దిలేటి తమ్ముళ్ళ మొహాలు పట్టి చూశాడు. "అందరికీ రెండు కళ్ళున్నాయి గదా? పదండి."

ఇంకేముంది! దున్ని తడిపిన చేలో ముగ్గురూ వరసగా పక్కకు తిరిగి పడుకున్నారు. ఒక కన్ను మట్టిలో, ఒక కన్ను ఆకాశంలో. బయటున్న చెంపలకు కూడా నాగలచ్చిమి మట్టి ఎగదోసి గట్టిగా తొక్కింది. మధ్యాహ్నం డాక్టరమ్మ తిరిగొచ్చి చూసి, స్కూటరు దిగకముందే కేకేసింది. "ఏం చేస్తున్నారన్నా?"

"కదిలించొద్దమ్మా, ఇప్పుడే నాటుకున్నాం" అన్నాడు మద్దిలేటి మట్టి ఉమ్మేస్తూ.

"వేర్లు ఎప్పటికి పోస్తాయమ్మా? నాకు చెవిలో ఏదో పాకుతోంది, వేరేనా?" అని అడిగాడు తిరుపాలు ఆశగా.

అది చీమ. డాక్టరమ్మ వాళ్ళను లేపి, కాడ మీద కణుపు దగ్గరుండే మొలకను కూడా కన్ను అంటారని చూపించి, రెండు వరసలు తనే నాటింది. మిగతావి వాళ్ళు నాటారు. "ఈ మాట ముందే చెప్పుంటే ఒక పూట కలిసొచ్చేది. పాపం, చదువుకున్న పిల్ల, తెలియలేదు" అంది నాగలచ్చిమి ఆమె వెళ్ళాక.

వెళ్ళేముందు డాక్టరమ్మ మరో మాట కూడా చెప్పిపోయింది. "రోజు విడిచి రోజు నీళ్ళు పెట్టండి."

అంతే. ఇంట్లో చెంబులు, గ్లాసులు, గిన్నెలు, మూతలు అన్నీ చేనికి పోయాయి. చాలకపోతే వీధి వీధంతా తిరిగి అడుక్కొచ్చారు. ప్రతి కాడ ముందరా ఒక గ్లాసు నీళ్ళు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. పొద్దు తిరిగింది. ఒక్క కాడా చుక్క తాగలేదు.

"మొహమాటం" అన్నాడు ఓబులేసు.

"ముగ్గురు మొగోళ్ళు గుడ్లప్పగించి చూస్తుంటే ఎట్లా తాగుతాయి? అటు తిరగండి" అని కసిరింది నాగలచ్చిమి.

ముగ్గురూ అటు తిరిగారు. ఇటునుంచి మేకల మంద వచ్చింది. కొన్ని తాగాయి, కొన్ని దొర్లించాయి. ఇటు తిరిగి చూసేసరికి గ్లాసులన్నీ ఖాళీ!

"తాగేశాయ్! మూతి కూడా తుడుచుకోలేదు, నేలంతా తడి చేసుకున్నాయి!" అని గంతులేశాడు తిరుపాలు. రోజు విడిచి రోజు అట్లాగే గ్లాసులు పెట్టారు, అట్లాగే అటు తిరిగారు, మేకలు అట్లాగే దొర్లించాయి. ఆ తడికి కాడలు చిగుళ్ళు వేశాయి. వాటితోపాటు కలుపు కూడా మొలిచింది.

డాక్టరమ్మ వచ్చి చూసి, గ్లాసుల సంగతి అడగకుండా బావినుంచి చేనికి కాలువ తీయించింది. "ఇంత కలుపేంటన్నా? గడ్డిని మింగేస్తుంది. మళ్ళీ నేనొచ్చేసరికి ఒక్క కలుపు మొక్క కూడా కనిపించకూడదు" అంది.

తెలివైనోళ్ళు బాగా ఆలోచించి, తువ్వాళ్ళు తెచ్చి కళ్ళకు గంతలు కట్టుకున్నారు.

"నీకేమన్నా కనిపిస్తోందా?"

"లేదన్నా. నీకు?"

"నాకూ లేదు. పని ఎంత తొందరగా అయిపోయిందో!"

ఆ గంతలతోనే ఐదు రోజులు చేలో తిరిగారు. ఒకరినొకరు గుద్దుకున్నారు. మద్దిలేటి కాలువలో పడ్డాడు. ఓబులేసు రెండు వరసల గడ్డి తొక్కి నుజ్జు చేశాడు. ఆరోరోజు డాక్టరమ్మ గట్టెక్కుతుండగానే నాగలచ్చిమి వెనకనుంచి వచ్చి ఆమె కళ్ళు మూసింది.

"చూడమ్మా! ఒక్క కలుపు మొక్కన్నా కనిపిస్తోందా?"

డాక్టరమ్మ ఆ చేతులు తీసేసింది. చున్నీ నడుముకు చుట్టి, గంతలు పీకేసి, ముగ్గురినీ కూర్చోబెట్టి ఒక్కో మొక్కా చేత్తో చూపించి పీకించింది. "ఇది ఉంచు. ఇది పీకు. నన్ను కాదు తిరుపాలన్నా, దీన్ని." పొద్దు వాలేదాకా అదే పని.

ముత్యాలు ఎండు చొప్పతో నెట్టుకొస్తోంది. దూడ అరుస్తూనే ఉంది. కానీ గడ్డి మొండిది, రోజుకింత లేచింది. "మనిషెత్తు వచ్చాక కొయ్యండి. నేలనుంచి నాలుగు వేళ్ళు వదిలి కొయ్యాల, అప్పుడే మళ్ళీ చిగురేస్తుంది" అని చెప్పి వెళ్ళింది డాక్టరమ్మ.

రోజూ మద్దిలేటిని చేలో నిలబెట్టి కొలిచేవాళ్ళు. గడ్డి భుజాల దాకా వచ్చింది, ఇంకా తల అందలేదు. ఇంటి దగ్గర దూడ అరుపు చేను దాకా వినిపించేసరికి తిరుపాలు తట్టుకోలేకపోయాడు.

"అన్నా, గడ్డి పెరిగేదాకా ఆగేదేంది? నువ్వే తగ్గు."

మోకాటి లోతు గుంత తవ్వి అన్నను దించారు. ఇంకేముంది, గడ్డి మనిషెత్తు అయిపోయింది!

ఇక కోత. నాలుగు వేళ్ళు వదలమంది కాబట్టి, నాలుగు వేళ్ళూ చాపి, ఒక్క బొటనవేలితో కొడవలి పట్టుకున్నారు. కొడవలి నిలిస్తేగా! పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అది కిందపడటం, వీళ్ళు పైకి తీయటం. మూడు పరకలు తెగాయి. మనిషికొక పరక. వాటినే మేళం లేని ఊరేగింపులాగా తీసుకొచ్చి ముత్యాలు ముందు పెట్టారు. ముత్యాలు ఒక్క నోటితో మూడూ తినేసి, ఇంకా ఏదని వాళ్ళ చేతులు నాకింది. మద్దిలేటి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి ఆ వేళ్ళు ఎక్కడ వదలాలో నేలమీద పెట్టి చూపించింది. అప్పుడు పడింది కోత. రెండు వారాలు ముత్యాలు పచ్చగడ్డి కడుపారా తినింది. ఎముకలు లోపలికి పోయాయి, పాలు గ్లాసు దాటి చెంబెక్కాయి. దూడ తాగి తాగి అడ్డంగా పడుకుంది. ఇల్లంతా పండగే.

డాక్టరమ్మ కూడా సంతోషం పట్టలేకపోయింది. ఆ సంతోషంలో ఆలోచించకుండా ఒక మాట అనేసింది. "కోత అయింది గదా, పేడెరువు వేసి, ఇంక నలభై రోజులు చేనికి విశ్రాంతి ఇవ్వండి."

అంతే. ఇంట్లో చాపలు, దిండ్లు, బొంతలు అన్నీ మోసుకుపోయి చేలో మోళ్ళ మధ్య పరిచారు. నాగలచ్చిమి గట్టు మీద కూర్చుని జోల పాడింది. అటు పోతున్న ట్రాక్టరును తిరుపాలు కాళ్ళావేళ్ళా పడి వెనక్కి పంపాడు. మాట్లాడుకోవాలంటే పక్కూరి పొలిమేర దాకా నడిచిపోయి మాట్లాడుకుని వచ్చేవాళ్ళు.

పన్నెండో రోజు పట్టపగలు ముత్యాలు పలుపు తెంచుకుని, దూడను వెంటబెట్టుకుని, లేత చిగుళ్ళ మీద పడింది. కరకరా నములుతోంది. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ వచ్చింది.

"అన్నా! బర్రె! తోలండన్నా, చిగురంతా పోతోంది!"

ముగ్గురూ గుండెలు బాదుకుంటూ మునివేళ్ళ మీద ఆమె దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. నాగలచ్చిమి ఆమె నోటికి దిండు అడ్డం పెట్టింది.

"ఉష్! అరవద్దమ్మా" అని గుసగుసలాడాడు మద్దిలేటి. "చేను లేస్తుంది."

తర్వాత ముగ్గురూ బర్రె దగ్గరికి పోయారు. తిరుపాలు దాని చెవిలో, "కొంచెం మెల్లగా నములు తల్లీ" అని బతిమాలాడు. డెక్కల చప్పుడు కాకుండా మద్దిలేటి, ఓబులేసు దాని ముందర బొంతలు పరిచారు. ముత్యాలు ఒక వరస మేసి ఇంకో వరసకు తిరిగితే, వాళ్ళూ బొంతలు తీసి అటు పరిచారు. అట్లా ఒక్క చిగురు మిగలకుండా చేనంతా మేసి గట్టెక్కేదాకా, దాన్ని చెయ్యిపట్టుకుని నడిపించినట్టు నడిపించి, చేను నిద్ర చెడనందుకు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.