ధారణకు రాని మాటలు

పొదిలిలో బస్టాండు ఎదురుగా జిరాక్సు, నెట్ సెంటరు నడుపుకునే ఉమాకాంతానికి ఒకటే బాధ. ఆచారిగారి దగ్గర అవధానం నేర్చుకోవడానికి చేరి ఎనిమిదేళ్ళయింది. అతని తరవాత చేరినవాళ్ళిద్దరు అవధానాలు చేసి శాలువాలు కప్పించుకున్నారు. అతన్ని మాత్రం గురువుగారు ఒక్కసారి కూడా పీఠం ఎక్కనివ్వలేదు. ఎప్పుడు చూసినా పక్క కుర్చీయే.

ఆ పక్క కుర్చీ సంగతి కొంచెం చెప్పాలి. అవధానమంటే మధ్యలో అవధాని కూర్చుంటాడు, చుట్టూ ఎనిమిదిమంది చేరి తలా ఒక చిక్కు పెడతారు. ఒకరు ఫలానా మాటలు వచ్చేట్టు పద్యం చెప్పమంటారు. ఒకరు తలాతోకా లేని వాక్యమిచ్చి దాన్ని అర్థవంతంగా పూరించమంటారు. ఒకరు తమకు తోచినప్పుడల్లా గంట కొడతారు, ఆ దెబ్బలు లెక్కపెట్టుకోవాలి. కాగితం లేదు, కలం లేదు. నాలుగు పద్యాలు, విడతకో పాదం చొప్పున అల్లుకుపోయి, చివర్న అన్నిటినీ వరసగా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు. ఇంత తపస్సు జరుగుతుంటే ఒకాయన మాత్రం పక్కన కూర్చుని సంబంధం లేని కబుర్లతో అవధాని బుర్ర తింటుంటాడు. ఆయన పనే అది. దాని పేరు అప్రస్తుత ప్రసంగం. ఆ కబుర్లకి అవధాని చమత్కారంగా బదులివ్వాలి, జనం నవ్వుకోవాలి, అంతే. పద్యాలు ధారణకొస్తాయి, ఈ కబుర్లు రావు. అన్నచోటే ఆవిరైపోతాయి.

ఉమాకాంతం అలాగే అనుకునేవాడు.

ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆ కుర్చీలో అతనికి సాటి లేడు. పొద్దున్నే నాలుగు పేపర్లు తిరగేసేవాడు, మధ్యాహ్నమంతా ఫోన్లో వార్తలు చూసేవాడు, సాయంత్రానికి ప్రపంచంలో ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం తయారు. ఎన్నికల్లో ఎవరొస్తారో అతనికి తెలుసు. పెట్రోలు ఎందుకు పెరిగిందో తెలుసు. ఏఐ వచ్చి ఎవరి అన్నం ఎవరు లాక్కుంటారో తెలుసు. అతను నోరు తెరిస్తే హాలు గొల్లుమనేది. ఆ ముక్కల్ని కుర్రకారు వీడియోలు తీసి ఫోన్లలో తిప్పేవాళ్ళు. పెదవి దాటితే పృథివి దాటుతుందయ్యా అని భార్య ఒకసారి అంటే, దాటనీ, మనకి పాస్‌పోర్టు ఖర్చు లేదు కదా అన్నాడట. అదీ మనిషి.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక గురువుగారి దగ్గరికెళ్ళి అడిగేశాడు. నాకు పద్యం రాదా, ధారణ లేదా, ఏం తక్కువని ఆపుతున్నారని.

ఆచారిగారికి ఎనభై రెండేళ్ళు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళు పోయి పదేళ్ళయింది. అరుగు మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, అంతా విన్నారు.

"వచ్చే ఆదివారం గ్రంథాలయం వార్షికోత్సవం," అన్నారు. "పీఠం మీద నువ్వు కూర్చో. అప్రస్తుతం నేను చేస్తాను."

ఉమాకాంతానికి కాళ్ళు నేల మీద ఆనలేదు. గురువుగారంతటివాడు తన పక్క కుర్చీలో కూర్చోవడమే! ఆ వారమంతా కొట్టు మూసేసి పద్యాలు కట్టాడు. మిగతా ఏడుగురిగా ఎవర్ని పిలవాలో గురువుగారే చూసుకున్నారు. అతను అడగనూ లేదు.

ఆదివారం పదింటికి హాలు నిండిపోయింది. ఉమాకాంతం జరీపంచె కట్టుకుని పీఠం మీద కూర్చున్నాడు. కుడిపక్కన ఆచారిగారు. ఎదురుగా చిక్కులు పెట్టే పృచ్ఛకులు. గంట దగ్గర కూర్చున్నాయన నలభై అయిదేళ్ళ మనిషి, కొంచెం కుంటుతూ వచ్చి కూర్చున్నాడు. ఎవరో ఉమాకాంతానికి తెలియదు.

మొదటి పద్యం మొదటి పాదం చక్కగా పడింది. గంట టంగుమంది. ఒకటి. అప్పుడు గురువుగారు గొంతు సవరించుకున్నారు.

"అవధానిగారూ, నాలుగేళ్ళ కిందట అద్దంకిలో ఒకాయనన్నాడు. బ్యాటరీ బండి కొన్నవాడికి బుర్ర లేనట్టే, దాన్ని నడపడం కన్నా నెత్తిన పెట్టుకు మొయ్యడం నయం అని. తమరేమంటారు?"

ఉమాకాంతం తుళ్ళిపడ్డాడు. ఆ మాట తనదే. అక్షరం పొల్లు పోలేదు. అతని బ్యాటరీ బండి ఆ నిమిషాన హాలు బయట చెట్టుకింద ఉంది, అందరూ చూస్తూనే వచ్చారు. నవ్వులే నవ్వులు. మొయ్యలేక కొన్నవాడు దానిమీదెక్కి తిరుగుతున్నాడండీ అని అతను సర్దుకున్నాడు. ఇంకా నవ్వారు.

రెండో పాదం. గంట రెండుసార్లు. గురువుగారు మళ్ళీ అందుకున్నారు. ఓటు వెయ్యనివాడికి రేషను కార్డు తీసేయాలని దర్శిలో ఒకాయనన్నాడట. ఆ ఏడాది పోలింగు రోజున ఆ ఒకాయన తిరుపతి కొండమీద ఉన్నాడు. ఏఐ వచ్చాక కవులంతా టీకొట్టు పెట్టుకోవాల్సిందేనని కనిగిరిలో అన్నాడట. మూడు నెలల తరవాత మార్కాపురంలో, కంప్యూటరు జన్మలో పద్యం చెప్పలేదు, నా మీసం పందెం అన్నాడట. ఈ రెంటిలో తమరు దేన్ని పూరించమంటారు అవధానిగారూ అని అడిగారు.

ఊరు, నెల, తిథి. ఎండాకాలమైతే ఎండాకాలం, చినుకు పడుతుంటే చినుకు పడుతోందని. ఎగతాళి లేదు, కోపం లేదు. పంచాంగం చదివినట్టు చెప్పుకుపోతున్నారు.

మొదట్లో ఉమాకాంతం సరదాగానే జవాబులిచ్చాడు. పదో ముక్క వచ్చేసరికి నవ్వలేకపోయాడు. వాటిలో సగం అతనికి గుర్తే లేవు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వాగినట్టుంది. ఆ వాగినవాడు తను. తను అని పారేసినవన్నీ, చూపు లేని ఆ మనిషి చెవులతో ఏరి, ఎనిమిదేళ్ళు దాచిపెట్టాడు. పద్యాలకి మాత్రమే ధారణ అనుకున్నాడు తను. ఈయనకి అన్నీ ధారణే. ఏ మాటనీ ఈయన పోనివ్వలేదు. ఉమాకాంతానికి ఒళ్ళు జలదరించింది. భయం కాదది. సముద్రం ఒడ్డున మొదటిసారి నిలబడ్డ పిల్లవాడికి ఎలా ఉంటుందో అలా ఉంది.

అయినా పద్యాలు తప్పలేదు. మూడు విడతలయ్యాయి. గంట లెక్కా పోలేదు. నాలుగో విడతలో ఒక్క వర్ణన పద్యానికే ఆఖరి పాదం మిగిలింది. వేసవి వాన మీద పద్యమది, తనకే ముచ్చటేసేలా కుదిరింది.

"అవధానిగారూ," అన్నారు ఆచారిగారు. గొంతు అదే, తేడా లేదు. "కిందటేడు శ్రావణంలో చీమకుర్తిలో ఒకాయనన్నాడు. కొండమలుపులో కాలేజీ బస్సు బోల్తా పడిందంట, ఇంకేముంది, డ్రైవరు ఫోన్ చూస్తూ నడిపుంటాడు, ఇప్పటి డ్రైవర్లకి స్టీరింగు ఎడమచేతికి, రీలు కుడిచేతికి అని. హాలంతా నవ్వారు. ఆ డ్రైవరు ఫోన్ చూడటం తమరు చూశారా?"

ఉమాకాంతానికి ఆ రోజు గుర్తుంది. ఆ నవ్వూ గుర్తుంది. ఆ వీడియో లక్షలమంది చూశారని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చూపించుకున్నాడు. పీఠం మీద కూర్చున్నవాడు ఏదో ఒక చమత్కారం చెప్పి దాటెయ్యాలి, అది రివాజు. నాలుక చివరిదాకా ఒకటి వచ్చింది కూడా. అప్పుడు గమనించాడు. ఇందాకటినుంచి గంట మోగడం లేదు.

"చూడలేదండి," అన్నాడు.

"ఆయన పేరు?"

"తెలియదండి."

"ఏసోబు. నా దగ్గరే ఎనిమిదో తరగతి చదివాడు. పద్యమంటే ప్రాణం. గంట దగ్గర కూర్చున్నది ఆయనే. బ్రేకు పోయిన ఆ బస్సులో ముప్పైమంది పిల్లల్ని బతికించిందీ ఆయనే. అడగాలనిపించి అడిగాను. వానపద్యం నాలుగో పాదం దగ్గరున్నారు, కానివ్వండి."

ఉమాకాంతం తలెత్తి చూశాడు. ఏసోబు తలవంచుకుని, గంటకొయ్యని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

తరవాత అందరికీ తెలిసిన సంగతి ఇది. ఆ బస్సుకి బ్రేకు పైపు పగిలింది. లోయలోకి పోకుండా ఏసోబు బస్సుని మట్టికట్టకేసి కొట్టాడు. ముప్పైమంది పిల్లలు బతికారు, ఆయన కాలు విరిగింది. విచారణలో అదంతా తేలితే పేపర్లో మూల నాలుగు వరసలు వేశారు. ఆ నాలుగు వరసల్ని ఎవరూ ఫోన్లలో తిప్పలేదు. టీకొట్టు దగ్గర ఆయన్ని రీలు డ్రైవరనే పిలిచారు. ఒంగోల్లో చదువుకుంటున్న కూతుర్ని తరగతిలో అదే మాటతో ఏడిపించారు. ఆ పిల్ల అయిదు నెలలుగా ఇంటికి రావడం మానేసింది. ఏసోబు ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు. ఒకరోజు తన పాత మాస్టారి దగ్గరికొచ్చి, నాకు మాట పడటం కొత్త కాదు సార్, నా బిడ్డ నమ్మిందే, దానికే ఏడుపొస్తోందన్నాడట. ఆదివారం గంట కొట్టడానికి వస్తావా, ఆ మాట అందరిముందూ అడుగుతాను, ఓర్చుకోగలవా అని ఆచారిగారు అడిగితే వస్తానన్నాడు.

నాలుగో పాదం ఎలాగో చెప్పాడు ఉమాకాంతం. ఏం చెప్పాడో అతనికే తెలియదు. ధారణ వచ్చింది. మొదటి పద్యం చెప్పాడు, తప్పు లేదు. రెండోది చెప్పాడు. మూడోది చెప్పాడు. నాలుగోది మొదలుపెడదామని నోరు తెరిచాడు. ఏమీ లేదు. వానా లేదు, వేసవీ లేదు. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన అవధానం కళ్ళముందే కూలిపోతోంది. ముందువరసలో దండ పట్టుకున్న కార్యదర్శి మొహం చిన్నబోయింది. అయిదు నిమిషాలు గడిచాయి.

ఉమాకాంతం లేచి నిలబడ్డాడు. ధారణ మధ్యలో అవధాని లేవడం ఎక్కడా లేదు.

"పద్యం పోయింది," అన్నాడు. "లోపల ఒక్క మాటే మిగిలింది. అది చెబుతాను." అని, చీమకుర్తిలో తనన్న మాటని మొదటినుంచి చివరిదాకా చెప్పాడు, గురువుగారు చెప్పినట్టే, ఒక్క అక్షరం వదలకుండా. ఈసారి ఎవరూ నవ్వలేదు. "అది నా మాట. నేను చూడలేదు. ఎవర్నీ అడగలేదు. ఊరికే అన్నాను. ఏసోబుగారు ఫోన్ చూడలేదు. ముప్పైమందిని కాపాడారు."

కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

ఏసోబు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. కుంటుకుంటూ పీఠం దాకా వచ్చాడు. కొడతాడేమో అనుకున్నారు కొందరు, కొట్టినా ఉమాకాంతం అడ్డుకునేవాడు కాదు. ఏసోబు జేబులోంచి ఫోన్ తీశాడు. ఒక నంబరు నొక్కి, చెవిదగ్గర పెట్టుకుని, ఒక్క నిమిషం పెట్టెయ్యకమ్మా అని చెప్పి ఫోన్ అతని చేతికిచ్చాడు.

"ఇప్పుడన్నది ఇంకొకసారి చెప్పండి సార్," అన్నాడు. "మా అమ్మాయి."

వేలమంది ముందు తడుముకోని ఉమాకాంతం ఈసారి ఒక్కో మాటే కూడబలుక్కున్నాడు. మొత్తం చెప్పాడు. హాల్లో ఫ్యాన్లు తిరగడం వినిపిస్తోంది.

"ఎవరండీ మీరు?" అంది ఆ పిల్ల.

"ఆ మాట అన్నవాణ్ణి తల్లీ."

ఆ పిల్ల ఇంకేం అడిగిందో, ఏమందో ఎవరికీ వినపడలేదు. ఉమాకాంతం తలూపుతూ విన్నాడు. ఫోన్ తిరిగిచ్చేశాడు. ఏసోబు దాన్ని చెవికానించుకుని, వచ్చే శనివారమా, బస్టాండుకి నేనొస్తాలే అని మెల్లగా చెబుతూ వెళ్ళి మళ్ళీ గంట దగ్గర కూర్చున్నాడు.

ఇక సభ ముగిద్దామని కార్యదర్శి మైకు దగ్గరికి వెళ్ళబోయాడు. ఆచారిగారు చెయ్యెత్తి ఆపారు. తను కూర్చున్న కుర్చీలోంచి నెమ్మదిగా లేచి, వెతుక్కుంటూ వెళ్ళి శిష్యుడి భుజం దొరికాక, దాని మీద చెయ్యి వేసి పీఠం మీద కూర్చోబెట్టారు.

"నాలుగో పద్యం, అవధానిగారూ," అన్నారు.

ఉమాకాంతం కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడో దూరాన మొదటి చినుకు పడింది.